చెయ్యి నీడ పడే చోటు

ఆ రోజు మా ఆయన కార్ఖానాకు పోయినట్టే పోయి తిరిగొచ్చేశాడు. నేను గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతున్నాను. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఓ మూల తంబాకు. రోజూ అయితే నన్ను దాటుకుని, నన్ను ఏదో ఒకటి అని, లోపలికి పోతాడు. ఆ రోజు వాకిట్లోనే నిలబడి తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏందయ్యా, కరెంటు పోయిందా?" అన్నాను.

"కరెంటున్నది. చేతికే ముడి వస్తలేదు," అన్నాడు.

నేత పని తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. టవల్ నేసే కరెంటు మగ్గాన్ని మేం సాంచా అంటాం. దాని మీద పోగు తెగితే, తెగిన రెండు కొసలనూ కలిపి ముడి వేయాలి. చూసేవాడి కంటికి ఆనదు, అంత తొందరగా పడుతుంది ఆ ముడి. మా ఆయన మీసాలు రాకముందు నుంచి వేస్తున్న ముడి అది. నిద్రలో లేపి పోగు చేతికిచ్చినా వేస్తాడు. అలాంటి మనిషి ముడి రావడం లేదంటే, నిద్ర చాలక అంటున్నాడనుకున్నాను. ముందు రోజు మా షోలాపూర్‌లోనే నీలం నగర్‌లో చుట్టాల పెళ్ళికి పోయి ఆలస్యంగా వచ్చాం.

"టీ తాగి జెర పండుకో," అని బశీలో పోసి ఇచ్చాను. కుడిచేత్తో అందుకున్నాడు. బశీ ఒరిగింది. తాగిన గుక్క కుడి పెదవి చివర నుంచి కారి చొక్కా మీద పడింది. అప్పుడు కూడా నాకు హాస్పిటల్ గుర్తుకు రాలేదు. పెళ్ళిలో కొత్త చొక్కా వేసుకుని తిరిగాడు కదా, ఎవరి కళ్ళో పడ్డాయనుకున్నాను. ఉప్పు, మిరపకాయలు పిడికిట్లో పట్టుకుని దిష్టి తీయడం మొదలుపెట్టాను.

మా బిడ్డ సరోజ టవళ్ళు కుట్టే చోట పని చేస్తుంది. పనికి పోవడానికి జడ వేసుకుంటూ బయటికి వచ్చి, ఒక్కసారి బాపు మొహం చూసి దువ్వెన వదిలేసింది.

"అమ్మా, బాపు మూతి వంకర వోయింది! బాపూ, రెండు చేతులు మీదికి లేపు."

ఎడమ చెయ్యి లేచింది. కుడిది ఛాతీ దాకా వచ్చి, ఎవరో తాడు కోసేసినట్టు కిందికి పడిపోయింది. ఆటోలో కూర్చున్నాక చూసుకుంటే, ఉప్పూ మిరపకాయలూ ఇంకా నా పిడికిట్లోనే ఉన్నాయి.

హాస్పిటల్‌లో బీపీ చూశారు, షుగర్ చూశారు, సీటీ స్కాన్‌కు తీసుకుపోయారు. డాక్టర్ బయటికి వచ్చి, "స్ట్రోక్ ఆహే," అన్నాడు. మెదడులో ఎడమ పక్క క్లాట్ ఉందట, అందుకే కుడి పక్క పడిపోయిందట. "బరే ఝాలే, వేళేవర్ ఆణ్లే," అన్నాడు, టైముకు తెచ్చారని. క్లాట్ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. నేను ఇంకో రెండు చుట్లు దిష్టి తీసి, ఇంకో గంట పడుకోబెట్టి ఉంటే ఏమయ్యేదో!

బీపీ గోలీలు ఎందుకు మానేశారని డాక్టర్ అడిగితే మా ఆయన మాట ముద్దముద్దగా, "మంచిగనే ఉంటి కద," అన్నాడు. మంచిగా ఉన్నందుకే మానేశాడట! ఆ మంచానపడ్డ మనిషిని ఏమీ అనలేక గోడ వైపు తిరిగి తిట్టుకున్నాను.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. మూతి కొంచెం సర్దుకుంది. ఇంటికి పంపే రోజు డాక్టర్ నన్నూ సరోజనూ నిలబెట్టి చెప్పాడు. "కాలు వస్తుంది. చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పలేం. ఫిజియోథెరపీ మాత్రం మానొద్దు." చెప్పలేం అన్న ఆ మాట నాతో పాటు ఆటో ఎక్కి ఇంటికి వచ్చింది. ఆటో దాజీ పేట్‌లో మా సందులోకి మలుపు తిరిగి, సాంచల చప్పుడు వినబడగానే మా ఆయన, "చెయ్యి లేకుంటె నేనేందే?" అన్నాడు.

మా ఇల్లు మూడు గదులు, ఒకదాని వెనక ఒకటి, రైలు డబ్బాల్లా. రెండు పక్కలా పక్కింటి గోడలే మా గోడలు. వెలుగు గడప దాటి వచ్చి ముందు గది సగం దాకా నడిచి, అక్కడే ఆగిపోతుంది. నడిమి గదిలో పగలూ ట్యూబ్‌లైటే. బాత్రూమ్ దగ్గరవుతుందని, గాలి కూడా తగలదని ఆయన మంచం ఆ గదిలోనే వేశాం.

కాలు డాక్టర్ చెప్పినట్టే వచ్చింది. ఎడమచేత కర్ర పట్టుకుని, చలికాలం సగం కాకముందే గోడ పట్టకుండా నడిచాడు. చెయ్యి మాత్రం పిడికిలి బిగించి పొట్ట మీద పడుకునేది. ఇంటికి వచ్చే ఫిజియో మేడం మా సరోజ కన్నా చిన్నది, మరాఠీ పిల్ల. ఆయన్ను కాకా, నన్ను మావశీ, అంటే బాబాయీ పిన్నీ అని పిలిచేది. రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. బట్టల క్లిప్పులు ఇచ్చి తాడుకు పెట్టి తీయమంది. ఆమె ఉన్నంత సేపూ చేసేవాడు. ఆమె చెప్పులు వేసుకోగానే బంతి మంచం కిందికి పోయేది.

"ఏందయ్యా ఇది, నీ చెయ్యి కోసమే కద?" అంటే, "నేనేమన్న అంగన్వాడి పోరన్నా, బంతులాటకు?" అనేవాడు.

మేడం ఓ రోజు నన్ను పక్కకు పిలిచి, కాకాకు ఇష్టమైన పనేమిటని అడిగింది. సాంచా అన్నాను. అది కాక అంది. అది కాక కూడా సాంచే అన్నాను. నవ్వుకుంటూ పోయింది. మళ్ళీ వచ్చినప్పుడు చిన్న ప్లాస్టిక్ కుండీలో మనీప్లాంట్, ఓ స్ప్రే బాటిల్ పట్టుకొచ్చింది.

"కాకా, హీ తుమ్చీ డ్యూటీ," ఇది మీ డ్యూటీ అని, రెండూ ఆయన ముందు పెట్టింది. పొద్దునా సాయంత్రం కుడిచేత్తో స్ప్రే నొక్కాలి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆకులు తుడవాలి. ఎండిన ఆకు ఉంటే గిల్లాలి.

డ్యూటీ అన్న మాట పని చేసింది. ఆట ఆడమంటే ఆడడు గానీ, డ్యూటీ ఎగ్గొట్టిన మనిషి కాడు. మొదట్లో వేలు ఒంగక ఎడమచేత్తో కుడిచేతిని పట్టి నొక్కేవాడు. కొన్నాళ్ళకు కుడిచెయ్యి ఒంటరిగానే నొక్కడం మొదలుపెట్టింది. గడప దగ్గర కూర్చున్న నాకు నడిమి గదిలోంచి 'ఫుస్స్' అని వినిపించేది. ఆ చప్పుడు వినబడితే నా చేతిలో బీడీ కూడా తొందరగా తిరిగేది.

అంతలో ఆకులు పసుపు రంగుకు తిరిగాయి.

ఇక్కడ నా పెద్దరికం చెప్పాలి. చిన్నప్పటి నుంచి ఆకుతోనే బతుకుతున్న దాన్ని, ఆకు సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా అనుకున్నాను. తునికాకుకు ఎండ తగిలితే పెళుసవుతుంది, గాలి తగిలితే ముడుచుకుపోతుంది. నీళ్ళు చల్లాలి, తడి గోనెలో చుట్టాలి, చీకటి మూలన పెట్టాలి. అప్పుడే మెత్తగా చేతికి లొంగుతుంది. కాబట్టి మనీప్లాంట్ కుండీకి కూడా తడి గోనె చుట్టాను. ఇంకా లోపలికి, అల్మారా కింది మూలకు జరిపాను. పొద్దున ఓ చెంబు, సాయంత్రం ఓ చెంబు పోశాను. ఎదురింటి భూమక్కను సలహా అడిగాను. ఆమె నాకన్నా ముందు నుంచి బీడీలు చుడుతున్న మనిషి.

"ఇంక జెర తడుపు చెల్లె. గాలి సోకనియ్యకు," అంది.

మా సందులో ఇంకెవరిని అడిగినా అదే చెప్పేవాళ్ళు. చెట్టు నుంచి తెంపిన ఆకును కాపాడడం మా అందరికీ వచ్చు. చెట్టుకు ఉన్న ఆకును కాపాడాల్సిన అవసరం మాలో ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

కాడ నల్లబడింది. గోనె విప్పితే మురిగిన వాసన వచ్చింది. మా ఆయన దానివంక చూసి, "దీనికి గూడ స్ట్రోక్ వచ్చింది," అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. "తీసి పారెయ్యి. నా పక్కన వెడ్తే ఏది బతుకుతది?" అని గోడ వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం స్ప్రే చప్పుడు వినబడలేదు. మర్నాడూ లేదు. పిడికిలి మళ్ళీ బిగుసుకోవడం మొదలైంది. మేడం వచ్చి ఒక్కొక్క వేలూ విప్పుతుంటే పళ్ళు బిగబట్టుకున్నాడు. ఆమె బయటికి వచ్చి నాకు చెప్పింది. "మావశీ, ఈ మొదటి నెలల్లోనే చెయ్యి ఎక్కువ నేర్చుకుంటుంది. ఇప్పుడు వాడకపోతే స్టిఫ్ అయిపోతుంది, తర్వాత చాలా కష్టం." అప్పుడు ఆమె చూపు కుండీ మీద పడింది. గోనె ఎత్తి, ముక్కు మూసుకుంది.

"అయ్యో మావశీ! పాణీ నకో, ఉజేడ్ పాహిజే!"

నీళ్ళు కాదట, వెలుగు కావాలట. నాకు ఒళ్ళు మండింది. మనుషులకే లేని వెలుగు మొక్కకు ఎక్కడి నుంచి తేవాలి? అయినా భయం ముందు కోపం ఎంత సేపు నిలుస్తుంది? మా ఆయన ఆ మొక్కతో తనను ముడేసుకున్నాడు. అది పోతే చెయ్యి కూడా పోయినట్టే అనుకుంటున్నాడు. దాన్ని బతికించాలి, లేదంటే బతికిందని నమ్మించాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సరోజను వెంటబెట్టుకుని హోట్గి రోడ్ నర్సరీకి పోయాను. అచ్చం అలాంటి మనీప్లాంటే కావాలన్నాను. నర్సరీ ఆయన పెద్ద మనిషి. ముందుది ఏమైందని అడిగాడు. చెప్పక తప్పలేదు. గోనె సంగతి విని నోరు తెరిచాడు గానీ నవ్వలేదు. తన చెయ్యి నేల మీద చాపి చూపించాడు. వేళ్ళు విడివిడిగా, నీడ నల్లగా పడింది. షెడ్డు కిందికి తీసుకుపోయి మళ్ళీ చాపాడు. నీడ మసగ్గా పడింది. హిందీలో చెప్పాడు: లైట్లు ఆపేసి పట్టపగలు చూడమ్మా, ఈ మాత్రం మసక నీడ పడితే మనీప్లాంట్‌కు చాలు. అసలు నీడే పడకపోతే అక్కడ ప్లాస్టిక్ పువ్వు పెట్టుకో, నీళ్ళు కూడా పోయనక్కర్లేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన నిద్రపోతున్నాడు. చప్పుడు కాకుండా పాత కుండీలో కొత్త మొక్క పెట్టి, పాతది తీసేశాం. ఆయన లేచి, టీ తాగి, కుండీ వంక చాలా సేపు చూశాడు.

"ఏమే, ఇది మనది కాదు."

"మనదేనయ్యా. మందేసిన, కోలుకున్నది."

"పండుకునేటప్పుడు మూడాకులుండె. లేచేసరికి తొమ్మిదయినయి. నేను గూడ గింత తొందరగ కోలుకుంటె, ఇయ్యాల్నే సాంచ మీదికి పోదును."

సరోజ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆపుకోలేక పకపకా నవ్వింది. దాన్ని చూసి ఆయనా నవ్వాడు. హాస్పిటల్ నుంచి వచ్చాక అదే మొదటిసారి. మూతి ఒక పక్కకే పోయింది, అయినా నవ్వే. నాకు ఏడుపొచ్చింది.

"నువ్వెందుకు ఏడుస్తున్నవే? నర్సరోడు మోసం చేసిండా?" అన్నాడు.

ఇక దాచేదేముంది? నర్సరీ ఆయన చెప్పిన నీడ మాట చెప్పేశాను. మా ఆయన కళ్ళు చిట్లించుకుని విన్నాడు.

"నీడనా? మా నాయన గుంట మగ్గం మీద నన్ను కూసోబెట్టి, నా చెయ్యి నీడ బట్ట మీద పడ్తే వీపు పగలగొట్టేటోడు. నీడ వడ్డకాడ తెగిన పోగు కనవడదని. ఇన్నేండ్లు నీడ పడకుండ తప్పిచ్చుకున్న. ఇప్పుడు ఆ నీడనే దేవులాడాల్నా?"

"దేవులాడు. చెట్టు నీదే కద," అన్నాను.

"ఎడమ చేత్తోటి చూస్త."

"ఎడమ చేతిల కర్రున్నది. కర్ర ఇడిస్తె పడ్తవ్."

ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి వచ్చాక, సరోజా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బంతి పిసకని చెయ్యి, క్లిప్పులు పట్టని చెయ్యి ఇప్పుడు లేవాలి.

మర్నాడు మధ్యాహ్నం లైట్లన్నీ ఆపేశాం. నడిమి గదిలో చెయ్యి బొడ్డు దాకా లేచింది. నేల మీద ఏమీ పడలేదు. "ఈడ ప్లాస్టిక్ పువ్వే," అన్నాడు. అదే గదిలో పొయ్యి మూలనా ఏమీ లేదు. ముందు గదిలో ఏదో మరక లాంటిది కనబడింది. కర్ర టకటకలాడించుకుంటూ, చెకింగ్‌కు వచ్చిన ఆఫీసర్‌లా, గడప దాకా వచ్చి నా నెత్తి మీద చెయ్యి చాపాడు. నీడ నల్లగా, ముడుచుకున్న అయిదు వేళ్ళతో నా చాటలో తంబాకు మీద పడింది.

"దొరికింది! లేవే, లే. ఇది చెట్టు జాగ."

నాకు ఎక్కడ లేని పౌరుషం వచ్చింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి అది నా జాగా. "నేను లేస్తే బీడీలు నీ చెట్టు చుడ్తదా?" అన్నాను. ఎదురింటి అరుగు మీంచి భూమక్క వింటూనే ఉంది. "మరిదీ, ఆ చెట్టుకు గూడ చాట కొనియ్యి, మా చెల్లె నేర్పుతది," అంది. సందంతా నవ్వింది. చివరికి నేను ఓ మూరెడు జరిగాను. కుండీ నా పక్కన కూర్చుంది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆయన ఇల్లంతా తిరిగి నీడ చూసేవాడు. ఈ మూల చూద్దాం, ఆ గూట్లో చూద్దాం అని నేనే పురమాయించేదాన్ని. చెయ్యి ఛాతీ దాటింది. నాకు ఆశ ఎక్కువైంది. మణికట్టు పట్టుకుని ఇంకొంచెం, ఇంకొంచెం అని పైకి గుంజడం మొదలుపెట్టాను. అప్పటికి ఎండలు ముదిరాయి. మా గడప పడమటి వైపు. షోలాపూర్ ఎండ సంగతి షోలాపూర్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వెలుగు ఎంత ఎక్కువైతే అంత మంచిదని కుండీని వాకిట్లోకే జరిపాను.

ఓ రోజు చెయ్యి గుంజుతుంటే ఆయన కేక పెట్టి కూలబడ్డాడు. భుజం పట్టేసింది, ముట్టుకోనివ్వలేదు. ఎక్స్‌రే తీశారు. కీలు కొంచెం జారింది, సబ్‌లక్సేషన్ అన్నారు. స్లింగ్ వేశారు. హాస్పిటల్ నుంచి వచ్చి చూస్తే, మనీప్లాంట్ ఆకులు గోధుమరంగు మచ్చలు పడి కాలిపోయి ఉన్నాయి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అలాగే చేశాను.

మేడం ఆ రోజు నన్ను గట్టిగానే కోప్పడింది. బలహీనంగా ఉన్న చేతిని మణికట్టు పట్టి ఎప్పుడూ గుంజకూడదట. మోచేతి కింద చెయ్యి ఆనించి, ఆయన ఎంత ఎత్తితే అంతే వెంట పోవాలట. మొక్కనూ మనిషినీ ఒకసారి చూసి, "హళూ హళూ, మావశీ," అంది. మెల్లమెల్లగా అని. ఆ పిల్ల వెళ్ళాక నేను బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. స్ట్రోక్ వచ్చినప్పుడు కూడా అంత భయపడలేదు. అది దేవుడు చేసిందనుకున్నాను. ఇది నా చేతులతో నేను చేసింది.

మా ఆయన మళ్ళీ నడిమి గదిలో గోడ వైపు తిరుగుతాడేమోనని కాపలా కాశాను. తిరగలేదు. మాడిన ఆకులను ఎడమచేత్తో గిల్లి, "కాడ పచ్చగనే ఉన్నది, ఉండనియ్యి," అన్నాడు. అదే మాట ఎవరైనా ఆయన గురించి నాతో అంటే బాగుండు అనిపించింది.

స్లింగ్‌తో ఊరికే కూర్చోలేక ఇంట్లో అటూ ఇటూ తిరిగేవాడు. ఓ పొద్దున వెనక గదిలో నేల వంక చూస్తూ నిలబడ్డాడు. అది మేము సామాను వేసుకునే గది. నా తునికాకు మూట కూడా అక్కడే ఉండేది. గచ్చు మీద ఓ చోట చతురస్రంగా సిమెంటు రంగు తేడా ఉంటుంది. ఇనుప బీరువా సగం దాని మీదే ఉంది.

"మా నాయన మగ్గం గుంట ఇదే," అన్నాడు. "పూడ్పిచ్చి గచ్చు చేపిచ్చినం."

"తెలుసయ్యా. అయితే?"

"వెలుగు లేనికాడ మగ్గం ఎవడన్న పెడ్తడానే?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. బీరువా వెనక ఉన్నది కిటికీ. తూర్పు కిటికీ. వెనక సందులోంచి వచ్చే గాలికి నా ఆకు ఎండిపోతోందని, సరోజ చిన్నప్పుడు నేనే దానికి రేకు కొట్టించాను. తర్వాత బీరువా వచ్చి దాని ముందు నిలబడింది. ఇంట్లో నీడ కోసం ఇన్నాళ్ళు తిరిగాం, ఒక్కరికీ గుర్తు రాలేదు.

భూమక్కను పిలిచాం. బీరువాలో బట్టలన్నీ తీసి ముగ్గురం ఆడవాళ్ళం దాన్ని నెట్టాం. మా ఆయన కర్ర చూపిస్తూ అటు కాదు ఇటు అని అధికారం చేశాడు. తుప్పు పట్టిన మేకులు ఊడదీసి రేకు లాగేసరికి గదిలోకి పొద్దుటి వెలుగు వచ్చింది. గోడ మీద సాలెగూళ్ళు, మూలన నా తునికాకు మూట, దుమ్ము పట్టిన మా మొహాలు, అన్నీ కనిపించాయి. "ఇంత పెద్దదా ఈ అర్ర?" అంది సరోజ. అది పుట్టి పెరిగిన ఇల్లు!

మేడం సరేనన్నాక స్లింగ్ తీసి చూశాం. ఆయన కిటికీ ముందు నిలబడ్డాడు. నేను మోచేతి కింద అరచెయ్యి ఆనించాను, అంతే. చెయ్యి తనంతట తానే లేచింది, మెల్లగా. పాత మగ్గం గుంట మీద నీడ పడింది.

"మసగ్గున్నది," అన్నాడు. "మంచిగున్నది. మనీప్లాంట్‌కు సాలు."

కిటికీకి అద్దం బిగించాం, వెలుగు వస్తుంది, గాలి రాదు. ఎదురు గోడకు తెల్లసున్నం వేశాం, వచ్చిన వెలుగు గదంతా తిరుగుతుందని. కుండీ కిటికీ దగ్గరికి వచ్చింది. దానితో పాటు ఆయన మంచమూ వచ్చింది. నా తునికాకు మూట నడిమి గదిలోకి పోయింది. చీకటి దానికి కావాలి, ఆ గదిలో ఉన్నదీ అదే. చెట్టుకూ మూటకూ ఇద్దరికీ చక్కగా కుదిరింది.

వానలు మొదలయ్యాక మాడిన కాడ కణుపు దగ్గర కొత్త ఆకు వచ్చింది. నేను చుట్టిన బీడీలా సన్నగా, బిగువుగా చుట్టుకుని వచ్చి, రోజుకింత విప్పుకుంది. బతుకంతా ఆకు చుట్టిన దాన్ని, ఆకు విప్పుకోవడం కూర్చుని చూడడం అదే మొదలు. పొద్దున్నే ఆయన పక్క మీంచే, "ఏమే, ఇయ్యాల ఇంకింత ఇప్పుకున్నది," అని కేకేసేవాడు. వెంటనే ఫుస్స్ అని చప్పుడు.

ఇప్పుడు మళ్ళీ చలికాలం. అన్నీ బాగైపోయాయని చెప్పను. మా ఆయన సాంచా మీదికి పోలేదు, పోలేడు కూడా. కార్ఖానాలో కూర్చుని నేసిన టవళ్ళలో తప్పులు చూసి పక్కన పెడుతున్నాడు. కుడిచేత్తో అన్నం కలుపుకుంటాడు, బొత్తాములకు మాత్రం నన్ను పిలుస్తాడు. బీపీ గోలీ రోజూ స్ప్రే కొట్టాకే వేసుకుంటాడు. మంచిగున్నా వేసుకుంటాడు. చెకప్‌కు పోతే డాక్టర్ వేళ్ళు పట్టుకుని చూసి, "ఛాన్!" అన్నాడు, బాగుందని. మా ఆయన ఆ ఒక్క ముక్క నాలుగు రోజులు సందంతా పంచాడు.

కిటికీ దగ్గర వెలుగు బాగుందని ఈ మధ్య పొద్దున పూట నేనూ చాట తీసుకుని అక్కడే కూర్చుంటున్నాను. మొన్న మనీప్లాంట్ తీగ పొడుగై కిటికీ ఊచ మీంచి జారి కింద పడింది. సరోజ కట్టబోతే ఆయన వద్దన్నాడు. టవల్ అంచు నుంచి ఓ పోగు లాగి, తీగ కింద నుంచి పోనిచ్చి, ఊచ చుట్టూ తిప్పాడు. రెండు కొసలూ కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నాడు.

నేను తల ఎత్తలేదు. పోగు జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. గొణుక్కున్నాడు. ఒక్క కొస పళ్ళతో పట్టుకోబోయి, ఎందుకో మానుకున్నాడు. కళ్ళెదురుగా రెప్పపాటులో పడే ముడి అది, ఇప్పుడు నేను నాలుగు బీడీలు చుట్టేశాక కూడా పడలేదు. తర్వాత చూసుకుంటే అందులో ఒకటి తంబాకు వేయకుండానే చుట్టేశాను.

"ఏమే, గుంజి చూడు," అన్నాడు.

లేచి పోగు పట్టుకుని గుంజాను. రాలేదు. ఇంకొంచెం బలంగా గుంజాను.

"జెర మెల్లగ! తీగ తెగుతది," అన్నాడు.

ముడి నిలిచింది. నేత ముడే. ఆ రోజు వాకిట్లో నిలబడి చేతికి రావడం లేదన్న ముడే. సంతోషంగా ఉందని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. చాలా సంతోషంగా ఉంది.

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి కష్టం ఉంటే, డాక్టర్లు చెప్పేవి వాళ్ళే చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. మీది మా ఇంటిలాంటి చీకటి ఇల్లయితే, కుండీ ఎక్కడ పెట్టాలో తేల్చుకునే ముందు పట్టపగలు లైట్లు ఆపేసి అక్కడ చెయ్యి చాపి చూడండి. నీడ పడితే మొక్క బతుకుతుంది. చెయ్యి లేవని మనిషి ఇంట్లో ఉంటే, ఆ నీడ చూసే పని వాళ్ళకే అప్పగించండి. మీరు మోచేతి కింద పట్టుకోండి. గుంజకండి.